ఆమ్లములు: మన పాఠాలలోని ఆరు వాక్యాలు

ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రం చదివే విద్యార్థికి ఆమ్లముల పాఠం ఒక గుమ్మం వంటిది. అంతకు ముందు అతడు చదివిన మూలకాలు, పరమాణువులు, మిశ్రమాలు చాలావరకు పుస్తకంలోనే ఉండిపోతవి. ఈ పాఠంలో మాత్రం చింతపండు, మజ్జిగ, పసుపు, సున్నం, ఇత్తడి గిన్నె, బండి బ్యాటరీ అన్నీ ఒక్కసారిగా శాస్త్రంలోకి నడచి వస్తవి. తాను ఇంట్లో చూసినదానిని పుస్తకంతో సరిపోల్చి చూసే అవకాశం విద్యార్థికి ఇక్కడ లభిస్తున్నది. అందువల్లనే ఈ పాఠంలో దొర్లే పొరపాట్లకు తక్కిన పాఠాలలోని పొరపాట్లకంటె ఎక్కువ బరువు ఉన్నది. పుస్తకం చెప్పినది ఇంట్లో జరగకపోతే, విద్యార్థి శాస్త్రం వేరు, లోకం వేరు అనుకుంటాడు. పుస్తకం చెప్పినదానిని నమ్మి ఇంట్లో తప్పుగా ప్రయోగిస్తే ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికే వస్తుంది.

సాధారణంగా మన పాఠాలు, వాటిని అనుసరించి వ్రాసే జనరంజక వ్యాసాలు ఆమ్లములను గురించి ఆరు వాక్యాలు చెప్తవి. ఆమ్లములు పుల్లగా ఉంటవి. అవి నీలి లిట్మసును ఎర్రగా మారుస్తవి. వాటిలో హైడ్రోజన్ ఉంటుంది. లోహాలతో చర్య పొంది హైడ్రోజన్ వాయువును వెలువరిస్తవి. బలమైన ఆమ్లములు ప్రమాదకరమైనవి, బలహీనమైనవి కావు. ఆమ్లానికి క్షారము విరుగుడు. ఈ ఆరింటిలో ఏ ఒక్కటీ పూర్తిగా అబద్ధం కాదు. అయితే ఏ ఒక్కటీ తన హద్దులను తాను చెప్పుకోదు. ఆ హద్దులు ఎక్కడ ఉన్నవో ఒక్కొక్క వాక్యాన్ని తీసుకుని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పులుపు సాక్ష్యం

ఆమ్లమనే మాటకే సంస్కృతంలో పులుపు అని అర్థం. ఇంగ్లీషులో వాడే 'ఆసిడ్' అనే పదానికి మూలమైన లాటిన్ మాటకూ అదే అర్థం. కాబట్టి పాఠం పులుపుతో మొదలుకావడం సహజమే. చింతపండులో టార్టారిక్ ఆమ్లము, నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లము, పెరుగులో లాక్టిక్ ఆమ్లము, వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లము ఉన్నవి. వీటి పులుపుకు కారణం నీటిలో అవి విడుదల చేసే హైడ్రోజన్ అయానులే.

అయితే నాలుక నమ్మదగిన సాక్షి కాదు. కోలా పానీయాలలో ఫాస్ఫారిక్ ఆమ్లము ఉంటుంది. వాటి పి.హెచ్. సుమారు 2.5. అంటే ఆమ్లత్వంలో అవి నిమ్మరసానికి దరిదాపులలో ఉన్నవి. వాటిని తాగేవాడికి మాత్రం తీపే తెలుస్తుంది, ఎందుకంటే వాటిలోని చక్కెర పులుపును కప్పివేస్తుంది. నాలుక మోసపోయినా దంతాలు మోసపోవు. నోటిలో పి.హెచ్. సుమారు 5.5 కంటె తగ్గినప్పుడు పంటిపై పింగాణీ పొర కరగడం మొదలవుతుంది. తియ్యగా ఉన్నది గనుక ఆమ్లము కాదనుకునే పిల్లవాడు రోజుకు రెండు సీసాలు తాగితే, ఆ తప్పును అతని పళ్ళు అనుభవిస్తవి.

ఇంకొక విషయం. ఒకే పి.హెచ్. ఉన్న ఉదజహరికామ్లపు ద్రావణం కంటె ఎసిటిక్ ఆమ్లపు ద్రావణం నాలుకకు ఎక్కువ పుల్లగా తోస్తుంది. కాబట్టి పులుపు ఆమ్లత్వానికి గుర్తే గాని కొలబద్ద కాదు. 'రుచి చూసి ఆమ్లమును గుర్తించవచ్చును' అనే వాక్యాన్ని మన పాఠాలలోనుంచి తీసివేయవలసి ఉన్నది. ప్రయోగశాలలో ఏ వస్తువునూ రుచి చూడరాదు అన్నది మొదటి నియమం. ఒక పేజీలో ఆ నియమాన్ని చెప్పి, మరొక పేజీలో రుచిని పరీక్షగా చెప్పడం తగదు.

లిట్మసు, పసుపు, పటిక

రంగు మార్పులతో ఆమ్లములను గుర్తించడం పదిహేడవ శతాబ్దంలో రాబర్ట్ బాయిల్ ఊదాపూల రసంతో చేసిన పరీక్షలతో శాస్త్రంలో స్థిరపడింది. లిట్మసు కొన్ని రకాల లైకెన్ల నుంచి తీసిన రంగు. ఇది మంచి సూచిక. పాఠాలు దీనితో పాటు పసుపును కూడా 'ఆమ్ల క్షార సూచిక' అని చెప్తున్నవి. ఇక్కడ జాగ్రత్త పడాలి. పసుపు ఆమ్లంలోనూ పసుపే, మంచినీటిలోనూ పసుపే. క్షారంలో మాత్రమే అది ఎర్రబడుతుంది. కూర మరక పడిన తెల్లచొక్కాకు సబ్బు రాయగానే ఆ మరక ఎర్రగా మారడం మనమందరం చూసినదే. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి ఎరుపు, పసుపులో సున్నం కలిపినందువల్ల వచ్చినదే. కాబట్టి పసుపు క్షారమును పట్టి ఇస్తుంది గాని, ఆమ్లమును మామూలు నీటినుంచి వేరు చేసి చూపలేదు. 'పసుపు కాగితంపై నిమ్మరసం వేస్తే ఏమవుతుంది?' అన్న ప్రశ్నకు 'ఏమీ కాదు' అనేదే సరైన సమాధానం. అయితే ముందుగా సబ్బునీటితో ఎర్రబరచిన పసుపు కాగితంపై నిమ్మరసం చుక్క వేస్తే ఆ ఎరుపు పోయి తిరిగి పసుపు వస్తుంది. ఈ రెండు ప్రయోగాలను పక్కపక్కన చేయించితే, సూచిక అనే మాటకు అర్థం నిర్వచనం లేకుండానే తెలుస్తుంది. ఆమ్లమును కూడా చూపగల ఇంటి సూచిక కావాలంటే మందారపూల రేకుల రసం మేలైనది. అది ఆమ్లంలో ముదురు గులాబి రంగుకూ, క్షారంలో ఆకుపచ్చకూ మారుతుంది.

లిట్మసుకు కూడా ఒక హద్దు ఉన్నది. పటిక ఒక లవణము. లవణాలు తటస్థంగా ఉంటవని చదివిన విద్యార్థి పటిక నీటిలో నీలి లిట్మసును ముంచితే అది ఎర్రబడుతుంది. ప్రయోగం తప్పిపోయిందని అతడు కాగితం పారవేయవచ్చును. నిజానికి తప్పు ప్రయోగానిది కాదు. పటికలోని అల్యూమినియం అయాను చుట్టూ నీటి అణువులు చేరినప్పుడు, ఆ నీటి అణువులనుంచి ప్రోటానులు విడివడడం సులభమవుతుంది. అందువల్ల ఆ ద్రావణం ఆమ్లగుణం చూపుతుంది. అట్లాగే చాకలిసోడా కూడా లవణమే. అయినా అది ఎర్ర లిట్మసును నీలిగా మారుస్తుంది. 'ఆమ్లమూ క్షారమూ కలిస్తే తటస్థ లవణము' అనే సూత్రం బలమైన ఆమ్లము, బలమైన క్షారము కలిసినప్పుడు మాత్రమే నిలుస్తుంది.

స్వేదనజలం విషయం కూడా ఇటువంటిదే. దాని పి.హెచ్. 7 అని పుస్తకం చెప్తుంది. తెరచి ఉంచిన సీసాలోని నీటిని కొలిస్తే ఆరు దగ్గరనో, అంతకంటె తక్కువగానో చూపుతుంది. పరికరం చెడిపోలేదు. గాలిలోని కార్బన్ డయాక్సైడు కరిగి కొద్దిగా కార్బానిక్ ఆమ్లము ఏర్పడింది. ఏ కాలుష్యమూ లేని వాననీటికి కూడా పి.హెచ్. సుమారు 5.6 ఉండడానికి ఇదే కారణం. ఈ సంగతి చెప్పకుండా 'ఆమ్లవర్షం' గురించి చెప్తే, ఏడుకంటె తక్కువ ఉన్న ప్రతి వానా విషమే అని విద్యార్థి భ్రమపడతాడు.

ఒక తప్పు మిగిల్చిన పేరు

మూడవ వాక్యం హైడ్రోజన్‌ను గురించినది. దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది. అది మన భాషలోనే దాగి ఉన్నది. పాత తెలుగు పాఠ్యగ్రంథాలలో ఆక్సిజన్‌కు 'ఆమ్లజని' అని పేరు. అంటే ఆమ్లమును పుట్టించునది. ఇది మన పండితులు కల్పించినది కాదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లావోజియే గ్రీకు మాటలతో కూర్చిన పేరుకు ఇది తెలుగు రూపం. గంధకాన్ని, భాస్వరాన్ని కాల్చి, వచ్చిన పదార్థాలను నీటిలో కలిపితే ఆమ్లములు వస్తున్నవి. కాబట్టి ఆమ్లత్వానికి ఆక్సిజనే మూలమని ఆయన తలచాడు. 1789లో వెలువడిన ఆయన గ్రంథం ద్వారా ఈ భావం యూరప్ అంతటా వ్యాపించింది.

దీనిని కాదనడానికి ఉదాహరణ మన తాంబూలంలోనే ఉన్నది. సున్నంలో ఆక్సిజన్ ఉన్నది. అయినా అది ఆమ్లము కాదు, దానికి ఎదురైన క్షారము. రెండవ వైపున, 1810లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ క్లోరిన్ ఒక మూలకమనీ, ఉదజహరికామ్లంలో ఆక్సిజన్ అసలు లేదనీ తేల్చాడు. ఆక్సిజన్ లేకుండా ఇంత తీవ్రమైన ఆమ్లము ఉండగా, ఆక్సిజన్‌ను ఆమ్లజనకమని ఎట్లా అనగలము? 1838లో జర్మనీలో లీబిగ్, లోహం వచ్చి తొలగించగల హైడ్రోజన్ ఉన్న పదార్థమే ఆమ్లమని నిర్వచించాడు. 1887లో స్వీడను దేశస్థుడు అర్హీనియస్, నీటిలో హైడ్రోజన్ అయానులను ఇచ్చేది ఆమ్లమని చెప్పాడు. మన పాఠాలు సాధారణంగా ఇక్కడ ఆగుతవి.

సిద్ధాంతం మారినా పేరు మిగిలిపోయింది. ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు ఆ గ్రీకు మాట అర్థం తెలియకుండానే వాడుతున్నారు గనుక వారికి నష్టం లేదు. తెలుగులో 'ఆమ్లజని' అన్నప్పుడు మాత్రం అర్థం స్పష్టంగా వినిపిస్తుంది. అందువల్ల తప్పు కూడా స్పష్టంగా వినిపిస్తుంది. పారిభాషిక పదాలను అనువదించేటప్పుడు మూలపదం ఒక కాలంనాటి ఊహను మోస్తున్నదా అని చూడవలసిన అవసరాన్ని ఈ ఒక్క మాట నేర్పుతుంది. నేడు పాఠ్యగ్రంథాలు ఆక్సిజన్ అనే వ్రాస్తున్నవి. అది మంచిదే. అయితే ఆ పాత పేరును పూర్తిగా మరచిపోవడం కంటె, తరగతిలో ఒక పది నిమిషాలు దానిని గురించి చెప్పడం మేలు. గొప్ప శాస్త్రజ్ఞుడు కూడా చూసిన కొద్ది ఉదాహరణలనుంచి పెద్ద సూత్రం తీస్తే ఏమవుతుందో విద్యార్థులకు తెలుస్తుంది.

ఇక 'ఆమ్లములలో హైడ్రోజన్ ఉంటుంది' అనే వాక్యం. చక్కెరలో హైడ్రోజన్ ఉన్నది, నూనెలో ఉన్నది, వంటగ్యాసులో ఉన్నది. అవి ఆమ్లములు కావు. ఎసిటిక్ ఆమ్లపు అణువులో నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఉన్నవి. అందులో ఒక్కటే అయానుగా విడివడుతుంది. హైడ్రోజన్ ఉండడం ముఖ్యం కాదు, దానిని ప్రోటానుగా వదలగలగడం ముఖ్యం. ఆ ప్రోటాను కూడా నీటిలో ఒంటరిగా తిరగదు, నీటి అణువును పట్టుకుని ఉంటుంది.

దీనిని చూపే సులభమైన ప్రయోగం ఒకటి ఉన్నది. పొడిగా ఉన్న నిమ్మఉప్పును, పొడిగా ఉన్న వంటసోడాను ఒక పొడి గిన్నెలో కలపండి. ఏమీ జరగదు. ఒక చెంచా నీరు పోయండి. వెంటనే నురగ పొంగుతుంది. నీరు వచ్చి ప్రోటానును అందుకునేవరకు ఆ ఆమ్లము నిద్రపోతున్నట్టే ఉన్నది. అయితే నీరు లేనిదే ఆమ్లమే లేదనుకోరాదు. ఉదజహరికామ్ల వాయువు, అమ్మోనియా వాయువు నీటి ప్రమేయం లేకుండానే కలిసి తెల్లని పొగగా మారుతవి. ఆ పొగ నవాసారము. ఈ చర్యకు అర్హీనియస్ నిర్వచనంలో చోటు లేదు. 1923లో డెన్మార్కులో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండులో లౌరీ వేరువేరుగా, ప్రోటానును ఇచ్చేది ఆమ్లము, తీసుకునేది క్షారము అని చెప్పినప్పుడు దానికి చోటు దొరికింది. అదే సంవత్సరంలో అమెరికాలో లూయిస్, ఎలక్ట్రాను జంటను స్వీకరించేది ఆమ్లమని ఇంకా విశాలమైన నిర్వచనం ఇచ్చాడు. క్యారమ్ బల్లపై చల్లే బోరిక్ ఆమ్లము ఇందుకు ఉదాహరణ. అది తన ప్రోటానును వదలదు. నీటినుంచి హైడ్రాక్సైడును తాను తీసుకోవడం వల్ల నీటిలో ఆమ్లగుణం కలిగిస్తుంది.

ఉన్నత పాఠశాలలో ఈ నిర్వచనాలన్నీ బోధించాలని నా అభిప్రాయం కాదు. 'ఇది ఒక నిర్వచనం, దీని తరువాత ఇంకా విశాలమైనవి ఉన్నవి' అని ఒక్క వాక్యం చేర్చితే చాలును.

ఇత్తడి గిన్నెలోని పులుసు

నాలుగవ వాక్యం ప్రకారం ఆమ్లము లోహంతో కలిస్తే హైడ్రోజన్ రావాలి. జింకు, ఇనుము విషయంలో ఇది నిజం. రాగి విషయంలో కాదు. సజల ఉదజహరికామ్లంలో రాగితీగను వేస్తే హైడ్రోజన్ బుడగలు రావు. మరి చింతపండుతో తోమితే ఇత్తడి బిందె, రాగిచెంబు మెరవడానికి కారణమేమి? చింతపండులోని ఆమ్లము లోహాన్ని కాదు, లోహంపై గాలివల్ల పేరుకున్న ఆక్సైడు పొరను, చిలుమును కరిగిస్తున్నది. అడుగున ఉన్న లోహం బయటపడి మెరుస్తున్నది.

అట్లా అయితే కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచి ఉంచరాదని మన పెద్దలు ఎందుకు అన్నారు? ఆమ్లము ఒంటరిగా రాగిని కరిగించలేకపోయినా, గాలిలోని ఆక్సిజన్ తోడు ఉంటే నెమ్మదిగా కరిగించగలదు. ఆక్సిజన్ రాగిని ఆక్సైడుగా మారుస్తుంది, ఆమ్లము దానిని పులుసులోకి దింపుతుంది. ఎక్కువైన రాగి లవణాలు వాంతులు, కడుపునొప్పి కలిగిస్తవి. రాగిపాత్రలో నీరు నిలవ ఉంచుకునేవారు మజ్జిగను గాని, నిమ్మరసాన్ని గాని అందులో ఉంచరాదు. పాత్రకు కళాయి పోసేవాడు వేడెక్కిన ఇత్తడిపై నవాసారము చల్లి, తరువాత తగరం పూయడం చూసినవారు ఇంకా ఉన్నారు. ఆ నవాసారము వేడికి విడిపోయి, ఉదజహరికామ్లపు ఆవిరి వచ్చి ఆక్సైడు పొరను తొలగిస్తుంది. అప్పుడే తగరం అతుకుతుంది. ఒక్క కళాయి పనిలో ఆమ్లముల పాఠం సగం ఉన్నది. మన పుస్తకాలలో మాత్రం జింకు ముక్కలు, గాజునాళిక తప్ప ఈ సంగతి సాధారణంగా కనిపించదు.

ఇక్కడే ఉపాధ్యాయులకు ఒక సూచన. సుద్దముక్కపై వెనిగర్ వేసి నురగ చూపమని కొన్ని పాఠాలు చెప్తవి. నేడు తరగతులలో వాడే సుద్దముక్కలలో అనేకం జిప్సంతో చేసినవి. వాటిపై నురగ రాదు. గుడ్డుపెంకు తీసుకుంటే ప్రయోగం తప్పదు, ఎందుకంటే అది దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే.

బలము, గాఢత, ప్రమాదము

అయిదవ వాక్యం అన్నిటికంటె ఎక్కువ గందరగోళం కలిగిస్తున్నది. కళాశాలలో చేరే విద్యార్థులలో చాలామంది బలమైన ఆమ్లమంటే గాఢమైన ఆమ్లమనీ, గాఢమైనదంటే ప్రమాదకరమైనదనీ, మూడు మాటలను ఒకే మాటగా నేర్చుకుని వస్తున్నారు. ఇవి మూడు వేరువేరు సంగతులు.

బలము ఆ పదార్థపు స్వభావం. నీటిలో కరిగినప్పుడు దాని అణువులలో ఎన్ని అయానులుగా విడిపోతవి అన్నది బలము. గాఢత మనము ఎంత నీటిలో ఎంత ఆమ్లము కలిపాము అన్నదాని లెక్క. 0.1 మోలార్ ఉదజహరికామ్లంలో దాదాపు అణువులన్నీ విడిపోతవి. దాని పి.హెచ్. 1. అదే గాఢత గల ఎసిటిక్ ఆమ్లంలో నూటికి ఒకటికంటె కొంచెం ఎక్కువ అణువులు మాత్రమే విడిపోతవి. దాని పి.హెచ్. సుమారు 2.9. పి.హెచ్. మాపకంలో ఒక్కొక్క మెట్టు పదిరెట్లు గనుక, రెండింటిలోని హైడ్రోజన్ అయానుల మధ్య తేడా డెబ్బది అయిదు రెట్లు ఉన్నది. 1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ఈ మాపకాన్ని ప్రవేశపెట్టాడు. ఇది రెండు కూడికల మాపకం కాదు, గుణకారాల మాపకం అని పిల్లలకు నొక్కి చెప్పాలి.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఈ రెండు ఆమ్లములను పది పది మిల్లీలీటర్లు తీసుకుని సోడియం హైడ్రాక్సైడు ద్రావణంతో తటస్థీకరిస్తే దేనికి ఎక్కువ క్షారం కావాలి? చాలామంది ఉదజహరికామ్లానికని చెప్తారు. రెండింటికీ సమానంగానే కావాలి. విడివడిన ప్రోటానులు ఖర్చు అవుతున్నకొద్దీ ఎసిటిక్ ఆమ్లపు మిగతా అణువులు విడిపోతూ వస్తవి. ఈ ఒక్క ప్రశ్నతో బలము, గాఢతల తేడా అర్థమైనదో లేదో తెలిసిపోతుంది.

ప్రమాదము మూడవ సంగతి. మన జీర్ణకోశంలో ఉన్నది బలమైన ఉదజహరికామ్లమే, సజలంగా ఉన్నది గనుక మనము బ్రతికి ఉన్నాము. వెనిగర్‌లో ఉన్న ఎసిటిక్ ఆమ్లమే నీరులేని గాఢస్థితిలో చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది. అన్నిటికంటె గుర్తుంచుకోవలసినది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము. పుస్తకం లెక్క ప్రకారం అది బలహీనమైన ఆమ్లము. అది గాజును తినివేస్తుంది. చర్మంలోనుంచి లోపలికి చొచ్చుకుపోయి, రక్తంలోని కాల్షియంను పట్టుకుని, చిన్న గాయంతోనే ప్రాణం తీయగలదు. ఒక్కొక్కప్పుడు మొదట నొప్పి కూడా తెలియదు. 'బలహీనమైనవి ప్రమాదకరం కావు' అనే వాక్యం ఏ పుస్తకంలో ఉన్నా దానిని కొట్టివేయాలి.

విరుగుడు అనే భ్రమ

ఆరవ వాక్యం ఆమ్లానికి క్షారము విరుగుడని చెప్తుంది. గాజుపాత్రలో ఇది నిజం. కడుపుమంటకు మెగ్నీషియా పాలు తీసుకున్నప్పుడు కూడా నిజం, ఎందుకంటే జీర్ణకోశం కూడా ఒక సంచి వంటిది, మందు ఆమ్లమును నేరుగా కలుసుకోగలదు. శరీరంపై ఇతరచోట్ల ఈ సూత్రాన్ని ప్రయోగించినప్పుడే చిక్కు వస్తున్నది.

తేనెటీగ కుట్టినప్పుడు ఆమ్లము చర్మంలోకి వస్తుంది గనుక వంటసోడా రాయాలనీ, కందిరీగ విషం క్షారము గనుక వెనిగర్ రాయాలనీ పాఠాలలో చదువుతున్నాము. తేనెటీగ విషానికి కొద్దిపాటి ఆమ్లగుణం ఉన్నమాట నిజమే గాని, మంటకు ముఖ్యకారణం అది కాదు. ఆ విషంలో మెలిటిన్ అనే ప్రోటీను వంటి పదార్థం ప్రధానమైనది. అది కణాల పొరలను ఛేదిస్తుంది. పైగా విషం చర్మం క్రిందికి పోయింది, సోడా చర్మం పైన ఉన్నది. రెండూ కలుసుకునేదెక్కడ? చేయవలసినది ముల్లును వెంటనే తీసివేయడం, సబ్బుతో కడగడం, చల్లని గుడ్డ వేయడం. ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం వంటివి కనబడితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. సోడా పూస్తూ కూర్చుంటే ఆ క్షణాలు పోతవి. చీమల విషయం కూడా అంతే. మామిడిచెట్లపై ఆకులను కలిపి గూడు కట్టే ఎర్రచీమలు కరచి ఫార్మిక్ ఆమ్లము చిమ్ముతవి. కాని చీమలన్నీ అటువంటివి కావు. కొన్ని కుట్టుచీమల విషంలో ఆల్కలాయిడ్లే ప్రధానం.

దీనికంటె ముఖ్యమైనది ఆమ్లము మీదపడినప్పటి సంగతి. తటస్థీకరణం నేర్చుకున్న విద్యార్థికి మొదట తోచేది కాలినచోట సోడానో, సున్నమో పోయాలని. అది తప్పు. తటస్థీకరణంలో వేడి పుడుతుంది, ఆ క్షారం కూడా చర్మాన్ని కాల్చగలదు, దానిని వెతకడంలో కాలం పోతుంది. తడిసిన బట్టలు తీసివేసి, ధారగా పారే నీటితో కనీసం ఇరవై నిమిషాలు కడుగుతూ ఉండాలి. కంటిలో పడినా అంతే, రెప్పలు తెరచి నీటితో కడగాలి. ఎవరైనా ఆమ్లము మింగితే వాంతి చేయించరాదు, సోడా తాగించరాదు, వెంటనే వైద్యుని వద్దకు చేర్చాలి. తటస్థీకరణం పాఠం చెప్పిన రోజునే ఈ నాలుగు మాటలు చెప్పకపోతే ఆ పాఠం అసంపూర్ణం.

ఇళ్ళలో మరుగుదొడ్లు కడిగే ద్రవాలలో అనేకం ఉదజహరికామ్లపు ద్రావణాలే. దానితో బాగా శుభ్రం కాలేదని దానిపై బ్లీచింగ్ పౌడర్ చల్లేవారు ఉన్నారు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసి ఉన్న చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఈ చర్యను బ్లీచింగ్ పౌడర్ పాఠంలో సమీకరణంగా చదివిన విద్యార్థి కూడా, అది తన ఇంట్లోనే జరగగలదని అనుకోడు. సమీకరణం క్రింద ఆ ఒక్క హెచ్చరిక ఎవరూ వ్రాయలేదు.

ఆమ్లమును మనుషుల మీద చల్లే ఘోరాలను కూడా తరగతిలో దాటవేయరాదు. 2013లో భారత శిక్షాస్మృతిలో ఈ నేరానికి ప్రత్యేక విభాగాలు చేర్చబడినవి. అదే సంవత్సరం సుప్రీంకోర్టు, దుకాణాలలో ఆమ్లము అమ్మేవారు కొనేవారి వివరాలు వ్రాసి ఉంచాలనీ, పద్దెనిమిదేళ్ళు నిండనివారికి అమ్మరాదనీ ఆదేశించింది. ఈ ఆదేశాలు ఎందుకు అవసరమైనవో అర్థం కావాలంటే, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లము చర్మంలోని నీటిని లాగివేసి, ఆ వేడితోనే ఎట్లా కాలుస్తుందో తెలియాలి. ఆమ్లమునే నీటిలో నెమ్మదిగా పోయాలి గాని నీటిని ఆమ్లంలో పోయరాదనే నియమానికీ ఆ వేడే కారణం.

వదిలివేసినవి

ఉన్నవాటిలోని లోపాలే గాక, మన పాఠాలలో లేనివి కూడా ఉన్నవి. ఆమ్లనేలలకు సున్నం చల్లే సంగతి ప్రతి పుస్తకంలోనూ ఉన్నది. తెలుగు రైతుకు ఎక్కువగా ఎదురయ్యేది ఆమ్లనేల కాదు, చౌడునేల. దానికి జిప్సం వేస్తారు. జిప్సం ఆమ్లము కాదు. అందులోని కాల్షియం, మట్టిరేణువులను అంటుకున్న సోడియంను తొలగించి నీటితో పోయేటట్టు చేస్తుంది. విరుగుడు సూత్రం మాత్రమే తెలిసిన విద్యార్థికి ఇది అంతుపట్టదు.

ఆవకాయ ఏడాదిపాటు చెడకుండా ఎందుకు ఉంటుందో చెప్పే పాఠం అరుదు. మామిడికాయలోని ఆమ్లము, ఉప్పు కలిసి సూక్ష్మజీవులను పెరగనీయవు. పి.హెచ్. 4.6 కంటె తక్కువ ఉన్న ఆహారంలో బొటులిజం కలిగించే సూక్ష్మజీవి పెరిగి విషం తయారు చేయలేదు. దాదాపు ఆ పి.హెచ్. దగ్గరే పాలలోని కేసిన్ విరిగి గడ్డకడుతుంది, పెరుగు తోడుకుంటుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లమును 'రసాయనాల రాజు' అని పొగడి ఊరుకుంటున్నాము. దానిలో సగానికి పైగా ఎరువుల తయారీకి పోతున్నదనీ, భాస్వరపు ఎరువు వేసిన ప్రతి పొలంలో దాని పాలు ఉన్నదనీ చెప్పడం లేదు. బ్యాటరీలో నీరు తగ్గినప్పుడు స్వేదనజలమే ఎందుకు పోయాలి, ఆమ్లము ఎందుకు పోయరాదు అనేది తరగతిలో అడగదగిన మంచి ప్రశ్న. ఆవిరై పోయినది నీరే, ఆమ్లము లోపలనే ఉన్నది.

ఇక 'నిమ్మరసం కడుపులోకి పోయి క్షారంగా మారుతుంది', 'క్షారజలం తాగితే రక్తం క్షారమవుతుంది' వంటి ప్రచారాలు విద్యార్థుల చెవిలో నిత్యం పడుతున్నవి. రక్తం పి.హెచ్. 7.35 నుంచి 7.45 లోపల ఉండేటట్టు ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కాపాడుతవి. తాగే నీటితో మారేదైతే మనము ఏనాడో బ్రతికి ఉండము. ఈ మాటను పాఠం చెప్పకపోతే మరెవరు చెప్తారు?

ఏమి చేయవచ్చును?

పుస్తకాలు మారేవరకు ఉపాధ్యాయుడు ఆగనవసరం లేదు. నిమ్మఉప్పు, వంటసోడా, పసుపు, మందారపూలు, పటిక, గుడ్డుపెంకు, చింతపండు, చిలుముపట్టిన రాగినాణెం ఉంటే ఈ వ్యాసంలో చెప్పిన ప్రయోగాలలో సగం ఖర్చు లేకుండా చేయించవచ్చును. ఆరు వాక్యాలను నల్లబల్లపై వ్రాసి, ఒక్కొక్కదానికి ఎదురుగా అది నిలవని ఒక ఉదాహరణను విద్యార్థులచేతనే వెతికించవచ్చును. పరీక్షలో 'ఆమ్లముల ధర్మాలు వ్రాయుము' అని అడిగే బదులు 'పటిక లవణమైనా లిట్మసును ఎందుకు ఎర్రబరుస్తుంది?', 'ఆమ్లము చేతిపై పడితే సోడా ఎందుకు పోయరాదు?' అని అడగవచ్చును. మొదటి ప్రశ్నకు మార్కులు తెచ్చుకునే విద్యార్థి రెండు నెలలలో అంతా మరచిపోతాడు. రెండవ తరహా ప్రశ్నకు ఒకసారి ఆలోచించి జవాబు వ్రాసినవాడు, ఇరవై ఏళ్ళ తరువాత తన ఇంట్లో ప్రమాదం జరిగినప్పుడు నేరుగా నీళ్ళకుళాయి దగ్గరకు పరుగెత్తుతాడు.